అవ్వ తెంపిన పోగులు

పోయిన నెల మా అవ్వ, అంటే మా అమ్మ, ఖానాపూర్ వచ్చి నా దగ్గర కొన్నాళ్లు ఉంది. మా ముందుగదిలో నా కుట్టుమిషన్ ఉంటుంది, దాని పక్కన కిటికీలో నా ఫోన్ ఉంటుంది. ఆ రోజు ఒక పెళ్లిపిల్ల జాకెట్ సాయంత్రానికల్లా ఇవ్వాలి. చేతులు ఎక్కిస్తున్నాను. ఫోన్ గుర్రుమంది, చూశాను. మా ఆడబిడ్డ ఏదో వీడియో పంపింది, నవ్వుకున్నాను, పెట్టేశాను. ఇంకో రెండు కుట్లు వేశానో లేదో మళ్లీ చూశాను. ఈసారి ఏమీ రాలేదు, అయినా చూశాను. అలా చూసుకుంటూ చూసుకుంటూ ఎడమచేయిని తీసుకెళ్లి కుడివైపు కుట్టేశాను. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అవ్వ అంతా చూస్తూనే ఉంది. నేను తిట్టుకుంటూ కుట్లు విప్పుతుంటే అప్పుడు నోరు తెరిచింది.

“నువ్వు గా ఫోన్ మోగినంక సూస్తలేవు బిడ్డా. మోగకముందే సూస్తున్నవ్.”

నేను మామూలుగా మాటకు మాట అప్పజెప్పే మనిషిని. మా అత్తగారు నా నోటికి దండం పెడుతుంది. కానీ ఆ మాటకు తల వంచుకుని కుట్లు విప్పుకుంటూ కూర్చున్నాను. పైగా ఎక్కడినుంచో పిడకల బూడిద వాసన వచ్చినట్టనిపించింది. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో బూడిద ఎక్కడిది? నాకు తెలుసు అది ఎక్కడిదో. ఒక ఎండాకాలంలో మా అవ్వ చీర కొంగు నిండా, వేళ్ల సందుల్లో, నా తలకు నూనె రాస్తే నా జుట్టులో కూడా ఆ వాసనే ఉండేది.

మా ఊరు వేములవాడకు దగ్గర. సోమవారం వచ్చిందంటే రాజన్న దేవుడి దర్శనానికి పోయే ఆటోలన్నీ మా వాడ మీదుగానే పోయేవి. వాడంతా సాంచాలే. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పొద్దున కళ్లు తెరిచేసరికి ఆ చప్పుడు మొదలై ఉండేది, అన్నం తినేటప్పుడు చెంబులో నీళ్లు కూడా సన్నగా వణికేవి. మాది రెండు గదుల ఇల్లు. అవ్వ, నేను, బాపమ్మ. బాపు అంటే మా నాన్న, బాపమ్మ ఆయన తల్లి. బాపు గల్ఫ్‌లో కూలి పనికి పోయాడు. పాత కంపెనీలో ఉన్నన్నాళ్లు ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. ఆ కంపెనీ మూతపడింది, వేరేచోటికి మారుతున్నానని ఒకసారి చెప్పాడు, ఆ తర్వాత జాడ లేదు. శుక్రవారాలు వస్తున్నాయి, పోతున్నాయి. అవ్వ ఆ చిన్న బటన్ల ఫోన్‌ను కొంగుకు ముడివేసుకుని తిరిగేది. చాకలి బండ దగ్గర, పొయ్యి దగ్గర, చివరికి నిద్రలో కూడా.

అవ్వ రాజమల్లు షెడ్డులో సాంచాలకు నూలు కండెలు చుట్టేది. రాజమల్లు మాకు చుట్టం కాదు కానీ నేను కాక అని పిలిచేదాన్ని, అవ్వ అన్నా అనేది. నాలుగు సాంచాలున్న ఆసామి, పెద్ద సేటు దగ్గర నూలు తెచ్చి నేయించి ఇచ్చేవాడు. కండెలు చుట్టేవాళ్లకు వచ్చేది చేతిలో పడకముందే ఉప్పుకూ చింతపండుకూ పోయేది. ఆ ఎండాకాలం సెలవుల్లో రాజమల్లు కాక ఇంటికొచ్చి, నన్ను కూడా కండెల మిషన్ దగ్గర కూర్చోబెట్టమన్నాడు. నేను తొమ్మిదో తరగతి అయిపోయి పదికి పోవాల్సిన పిల్లని. “బడికి పోయి ఏం జేస్తది చెల్లె, ఇద్దరు చుడ్తె ఇల్లు జర ఒడ్డుకు వడ్తది” అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మా వాడలో నా ఈడు పిల్లలు సగం మంది అప్పటికే కండెల దగ్గరే ఉన్నారు. అవ్వ ఆయనకు మంచినీళ్లిచ్చి, చెంబు తీసుకుంటూ అంది.

“నీ షెడ్డుల భీములు అతికేటాయన భివండి పోయిండంట గదా అన్నా?”

“పోయిండు. దొరుకుతలేడు ఇంకొకడు. ఎందుకు?”

“నేను అతుకుత.”

కాక నీళ్లు గొంతుకు అడ్డం పడ్డట్టు దగ్గాడు. భీము అతకడం మా దగ్గర మగవాళ్ల పని, కండెలు చుట్టేదానికంటే కూలి ఎక్కువ. సాంచ మీద నేయగా నేయగా, వెనక భీము అనే పెద్ద గొట్టానికి చుట్టిన నూలు అయిపోతుంది. పాత పోగుల చివరలు సాంచలోనే ఉంటాయి. కొత్త భీము తెచ్చి వెనక పెట్టి, ఒక్కో పాత పోగుకు ఒక్కో కొత్త పోగును వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. మధ్యలో ఒక్కదాన్ని దాటేస్తే, ఆ తర్వాతవన్నీ ఒక పోగు పక్కకు జరిగిపోతాయి. గళ్లచీర అయితే ఎరుపు రావాల్సిన చోట పసుపు వస్తుంది. భీము అయిపోయేదాకా ప్రతి చీర మీదా అదే తప్పు. చేతకాక చేసే తప్పు కాదది. మనసు ఒక్క క్షణం పక్కింటికి పోయొస్తే జరిగే తప్పది.

అవ్వకు ఆ ధైర్యం బాపమ్మ ఇచ్చింది. తాత చేతిమగ్గం నేసినన్నాళ్లు అతుకులన్నీ బాపమ్మవే. అప్పటికి ఆమెకు చూపు మందగించింది, చెవులు సగం పనిచేసేవి, పళ్లు లేకపోయినా వక్క దంచుకుని బుగ్గన పెట్టుకునేది. పిడకల బూడిదను పాత పంచె గుడ్డలో జల్లించి కొబ్బరిచిప్పలో పోసేది, అది ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండేది. మంచం రెండు కోళ్లకు నూలు పోగులు కట్టి అవ్వను మధ్యలో కూర్చోబెట్టింది. నేర్పడం కంటే చెడగొట్టడమే ఎక్కువ చేసేది ముసల్ది. అవ్వ చేతిలో పోగు ఉన్నప్పుడు వాకిట్లోంచి కేకేసేది. “ఓ కోడలా, పాలు వొంగుతున్నయే!” అవ్వ దిగ్గున లేచేది. పొయ్యి మీద పాలు కాదు కదా పొయ్యిలో నిప్పు కూడా ఉండేది కాదు. “లేసినవ్. మళ్ల మొదలువెట్టు” అనేది. ఇంకోసారి “పాము!” అనేది. ఇంకోసారి ఎవరో వచ్చినట్టు తనే తలుపు కొట్టేది. నేను నవ్వీ నవ్వీ కడుపు పట్టుకునేదాన్ని. ఒకరోజు నిజంగానే పాలు పొంగాయి. ఇల్లంతా మాడు వాసన, అవ్వ కదల్లేదు. బాపమ్మ తిట్ల దండకం ఎత్తుకుంది. “నిజంగ వొంగితె గూడ లెవ్వవా ఒసే? పావుశేరు పాలు మన్నుల వాయె!” అవ్వ చివరి పోగు మెలిపెట్టి, చేతులు దులుపుకుని, అప్పుడు నవ్వింది. ఆమె అంతగా నవ్వడం ఆ ఎండాకాలంలో నేను చూసింది అదొక్కసారే.

బాపమ్మకు ఇంకో పద్ధతి ఉండేది. పనికి కూర్చునే ముందు, నిన్ను లేపగలిగేవాటన్నిటి దగ్గరికీ నువ్వే పోయి రావాలి. కోళ్లకు గింజలు వేయాలి. కుండలో నీళ్లు నింపాలి. పాలామెకు చెప్పాలి, పక్కింటికి చెప్పాలి, దొడ్డికి పోయి రావాలి, కడుపునిండా నీళ్లు తాగాలి. “పిలిచేటోళ్లందరికి ముందుగాలనే జవాబు జెప్పి కూసో. ఇగ ఎవ్వలు పిలుస్తరు?” అనేది. అవ్వ మొదటి భీము అతకాల్సిన పొద్దున ఇవన్నీ వరుసగా చేసింది. నేను సాయం పోతున్నాను, పోగులు అందించడానికి. గడప దాటుతుంటే బాపమ్మ అవ్వ కొంగు పట్టుకుంది. ముడిలో ఫోన్ ఉంది.

“గిది ఇంట్ల వెట్టి పో.”

“ఇంట్ల వెడితె నువ్వెత్తుతవా అత్తమ్మా? నీకు మోగింది గూడ ఇనవడదాయె.”

“మోగితె మోగనియ్.”

“ఆయన మాట్లాడి ఎన్నొద్దులాయె? ఇయ్యాల్నే జేస్తే?”

బాపమ్మ కొంగు వదిలేసింది. “అందరికి జవాబు జెప్పినవ్. గీ ఒక్కదాన్ని మాత్రం నడుముల వెట్కొని పోతున్నవ్” అంది. అవ్వ గడప దాటి నడిచింది.

షెడ్డులో రాజమల్లు కాక సాంచ పక్కనే నిలబడి ఉన్నాడు. “సూడు చెల్లె, పొద్దుగూకెటాళ్లకు సాంచ నడవాలె. పొద్దుగాల సేటు మనిషి వస్తడు చీర సూడ. ఒక్క పోగు అటిటు అయ్యిందా, మళ్ల భీము ముచ్చట ఎత్తద్దు. నీ బిడ్డను తీస్కొచ్చి కండెల కాడ కూసోవెట్టు, ఇద్దరు కలిసి సుట్కోండ్రి” అన్నాడు. అవ్వ తల ఊపింది. ఫోన్‌ను గుడ్డసంచిలో వేసి గోడకున్న మేకుకు తగిలించింది. మేము సాంచ వెనక, కొత్త భీముకు ఎదురుగా చిన్న పీటల మీద కూర్చున్నాం. పోగులు చెదరకుండా ఉండాలని మా వైపు ఫ్యాన్ ఆపేశారు. రేకుల షెడ్డు, ఎండాకాలం. మిగతా మూడు సాంచాలు చెవులు పగిలేలా కొట్టుకుంటున్నాయి. గంజిపెట్టిన నూలు వాసన, ఇంజనాయిల్ వాసన. ఈ సాంచ నడపాల్సిన నేతకారు పని లేక బీడీ కాల్చుకుంటూ మా చుట్టూ తిరుగుతున్నాడు. “వదినె, భీముకు జడ అల్లుతున్నవా ఏంది? పూలు గూడ తెమ్మంటవా?” అన్నాడు. అవతల ఇద్దరు నవ్వారు. అవ్వ చెవిటిదానిలా ఉంది. నేను వరుసలోంచి కొత్త పోగు వేరుచేసి అందిస్తున్నాను, ఆమె పాతదానితో కలిపి, బూడిద అద్ది, ఒక్క మెలి. ఎరుపు, ఎరుపు, పసుపు. మెడమీద చెమట కారినా తుడుచుకోలేదు. బయట రాజన్న దగ్గరికి పోయే ఆటోలో మైకు పెట్టుకుని పాడుకుంటూ పోయారు, నా చెవి ఆ ఆటో వెంట మూలమలుపు దాకా పోయింది. అవ్వ చేయి చాచే ఉంచింది, పోగు కోసం. తిట్టలేదు, కళ్లెత్తి చూడలేదు. ఆ ఖాళీ చేయి చూశాక నా చెవి దానంతటదే వెనక్కొచ్చింది.

సగం భీము దాటాక ఫోన్ మోగింది.

ఆ చప్పుళ్లలో మామూలుగా అయితే వినపడదు. మేము వినడానికే ఉన్నాం కనుక వినపడింది. అవ్వ వేళ్లు ఆగలేదు. నేను అందిస్తున్నాను, ఆమె మెలిపెడుతోంది. ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మోగింది. నా కళ్లు సంచి మీదికి పోయాయి, అవ్వవి పోలేదు. మూడోసారి మోగేసరికి కండెల దగ్గరున్న రాజవ్వ లేచి ఉరికొచ్చింది. రాజవ్వ భర్త కూడా గల్ఫ్‌లోనే ఉండేవాడు. మా పరేషాన్ ఆమెకు తెలుసు, ఆమెది మా అవ్వ కోసం కొట్టుకున్న ప్రాణమే. సంచిలోంచి ఫోన్ తీసి చూసి అరిచింది.

“ఓ వదినె! గల్ఫ్ నంబరే! గింత పొడుగున్నది!” బటన్ నొక్కేసింది. “అన్నా! ఉన్నది, ఈడ్నే ఉన్నది, మాట్లాడు!” అంటూ ఫోన్ తెచ్చి అవ్వ చెవికి ఆనించింది.

అవ్వ తల తిప్పలేదు. పెదవి కదపలేదు. డబ్బాలో పెట్టిన తుమ్మెదలాగా బాపు గొంతు నాకు సన్నగా వినపడుతోంది, మాట ఒక్కటీ తెలియడం లేదు. రాజవ్వ ఆమె భుజం కుదిపింది. “మాట్లాడు వదినె! ఊ అనన్న అను!” అవ్వ చేయి నా ముందు చాచి ఉంది. నేను పోగు ఇచ్చాను. మెలిపెట్టింది. ఇంకోటి ఇచ్చాను. ఆ తుమ్మెద గొంతు కాసేపు పలికింది, ఆగింది, మళ్లీ పలికింది, తర్వాత పలకలేదు. రాజవ్వ ఫోన్ తీసి చూసుకుంది. “కట్టయ్యింది” అంది. మా అవ్వను రాయిని చూసినట్టు చూసింది. “గిదేం మనిషివే తల్లీ. ఏడు సముద్రాల అవతలికెల్లి మొగడు మొత్తుకుంటుంటె…” సంచిలో ఫోన్ పడేసి, కళ్లు తుడుచుకుంటూ పోయింది.

అవ్వ ఇంకొన్ని పోగులు అతికింది. తర్వాత ఆమె చేతులు ఒళ్లో పడ్డాయి. “ఫోన్ మోగంగ మనం యాడున్నం?” అని అడిగింది. పసుపు పట్టీ మొదలైన చోటు చూపించాను. అక్కడినుంచి ఇప్పటిదాకా అతికినవి జానెడు పైనే ఉంటాయి. అవ్వ అక్కడ వేలు పెట్టి, ఒక్కో అతుకూ తెంపడం మొదలుపెట్టింది. పటుక్, పటుక్. కాక దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు.

“ఏయ్, ఏయ్! ఏం జేస్తున్నవ్ చెల్లె, పిచ్చి లేసిందా?”

“మళ్ల అతుకుత అన్నా.”

“తప్పు వోయిందా?”

“తెల్వది.”

“తెల్వకుంటె ఎందుకు తెంపుతున్నవ్? సూసి తెంపరాదు?”

“సూస్తె అన్ని మంచిగనే కనవడ్తయి. గవి నేను అతకలే. నా చెయ్యి అతికింది.”

కాక నేతకారు వైపు చూశాడు, నేతకారు బీడీ పడేశాడు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. “పొద్దు యాడికి వొయ్యిందో సూసినవా?” అన్నాడు కాక.

“సూడ.”

ఆయన కాలితో ఖాళీ కండెల డబ్బాను తన్ని వెళ్లిపోయాడు. తెంపిన పోగులు కురచైపోయాయి, ఇంకోసారి తెంపితే అందవు. అవ్వ నా వైపు తిరిగింది. “పోయి గా ఫోన్ బందు జేసి రా.” నేను కదల్లేదు. బాపు ఇప్పుడు మళ్లీ చేస్తే? ఎవరి ఫోన్ అడుక్కుని చేశాడో? మూసేసి ఉంటే ఏమనుకుంటాడు? ఇవన్నీ అడగాలనుకున్నాను. “నేనా?” అన్నాను, అంతే వచ్చింది నోట్లోంచి. “నువ్వే” అంది. లేచి ఎర్ర బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆ వెలుగు ఆరిపోతుంటే నాకు మా అవ్వ మీద కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. ఆ కోపంతోనే వచ్చి కూర్చున్నాను, ఆ కోపంతోనే పోగులు అందించాను. ఎరుపు, ఎరుపు, పసుపు.

ఎండ రేకుల సందులోంచి గోడమీదికి ఎక్కి ఎర్రబడ్డాక చివరి పోగు అతికాం. నేతకారు సాంచ నడిపాడు. మొదట అతుకులు ఒక్కొక్కటే దాటిరావాలి, అప్పుడు కొన్ని తెగడం మామూలే, తెగినవాటిని అప్పటికప్పుడు కలిపాడు. మూరెడు గుడ్డ వచ్చేసరికి కాక సాంచ ఆపించి, కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద వంగాడు. ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒక్కో గడి మీద వేలు జరుపుకుంటూ పోయాడు. మేము తెంపిన చోటికి వచ్చేసరికి ఆ వేలు ఆగింది. అవ్వ నా మణికట్టు పట్టుకుంది, బూడిద చేత్తో, నొప్పిపుట్టేలా. వేలు మళ్లీ కదిలింది. అంచు చేరింది. కాక లేచి కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

“నడుపు” అన్నాడు నేతకారుతో. అవ్వ వైపు చూడకుండానే, “ఎల్లుండి గా పక్క సాంచకు భీము ఎక్కుతది. పొద్దుగాలనే రా. ఫోన్ తేకు” అన్నాడు.

దారిలో ఫోన్ తెరిచాం. ఏమీ రాలేదు. చాలా రోజులు రాలేదు. ఆ రోజుల్లో రాజవ్వ మా అవ్వతో మాట్లాడడం మానేసింది, నేనూ సగం మానేశాను. చివరికి ఒక శుక్రవారం బాపు చేశాడు. కొత్త క్యాంపులో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ముందు నాతోనే మాట్లాడాడు. “ఆ దినం మీ అవ్వ ఆడ ఉండి గూడ ఊ అనలే బిడ్డా” అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. అవ్వ ఫోన్ తీసుకుని, “నా చేతుల పోగులుండె” అంది. బాపు నేతకారు ఇంట్లో పుట్టినవాడే. ఇక ఆ ముచ్చట ఎత్తలేదు.

నేను పదో తరగతి చదివాను, పాసయ్యాను. ఆపైన చదవలేదు, అది వేరే కథ. బాపు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. బాపమ్మ లేదు. నా దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. “మా అవ్వ పనిల వడితె చెవికాడ మొగడు పిలిచినా ఇనవడదు, గట్ల కుట్టాలె” అని గొప్పగా చెప్పేదాన్ని. అప్పుడు అన్నీ తక్కువ కాబట్టి మనసు నిలిచేది, ఇప్పుడు అన్నీ ఎక్కువైపోయాయి అని కూడా అనేదాన్ని. కానీ ఆ షెడ్డు తలచుకుంటే ఆ మాట నాకే నమ్మబుద్ధి కాదు. అంత చప్పుడు, అంత ఉక్క, అన్ని నోళ్లు. పైగా మాకు మోగేది ఒక్కటే ఫోన్, అది మోగాలని మేం ప్రాణాలు పెట్టుకుని ఉన్నాం. ఇప్పుడు నా ఫోన్‌లో రోజంతా వచ్చేవాటిలో నాకోసం ఏడ్చేది ఒక్కటీ ఉండదు. అయినా పోతాను దాని దగ్గరికి. ఎవరూ చేయి పట్టి లాగరు, నేనే పోతాను.

మొన్న అవ్వ ఊరికి బయల్దేరే ముందు సంచి సర్దుతూ ఉంటే నేను పక్కన కూర్చుని, ఆ పిల్లలకు చెప్పే గొప్పనే ఆమెకూ చెప్పాను. “ఎట్లనే అవ్వా, గంత చెవుల వెట్టినా బాపు మాట నీకు ఇనవడనే లేదు?”

అవ్వ మడతపెడుతున్న చీర ఆపింది.

“ఇనవడలేదని ఎవలన్నరు?”

నేను ఆమె మొహం చూశాను.

“తిన్నవా అన్నడు. పోరి బడికి వోతుందా అన్నడు. కొత్త కాడ నీళ్లు ఉప్పగున్నయి, అయినా ఫికర్ వెట్టుకోకు అన్నడు. ఫోన్ ఎవలదో, జల్ది ఇయ్యాలె అన్నడు. నన్ను పేరు వెట్టి, లచ్చీ, ఉన్నవా అన్నడు. కొంచెంసేపు ఆగిండు. మళ్ల ఉన్నవా అన్నడు.”

చీర మడత పూర్తిచేసి సంచిలో పెట్టింది.

“ఒక్కమాట ఇడిసిపెట్టకుంట అన్ని ఇన్న బిడ్డా. ఇనకపోతె ఎందుకు తెంపుత?”